తాళంచెవికి తాళం ఎవరు వేస్తారు?

మీ ఇంట్లో తాళంచెవులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వీధి తలుపుకు ఒకటి, బీరువాకు ఒకటి, మేడమీద గదికి ఒకటి, సైకిలుకు ఒకటి, ట్రంకుపెట్టెకు మరొకటి. ఇన్నింటినీ విడివిడిగా దాచుకోవడం కష్టం. అందుకని చాలా ఇళ్ళలో ఒక ఉపాయం చేస్తారు. చిన్న తాళంచెవులన్నీ బీరువాలో పెడతారు. బీరువా తాళంచెవి మాత్రం అమ్మమ్మ బొడ్లోనో, అమ్మ కొంగుముడిలోనో ఉంటుంది. పది తాళంచెవులను కాపాడే పని ఒక్క తాళంచెవిని కాపాడే పనిగా మారిందన్నమాట.

ఇదే ఉపాయంతో పనిచేసే సాధనం కంప్యూటర్లలోను, ఫోనుల్లోను ఉంది. దాని పేరు పాస్‌వర్డ్ మేనేజర్. బ్యాంకు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లు, ఉత్తరాలు, పరీక్ష ఫలితాలు - ప్రతిదానికీ ఈ రోజుల్లో ఒక పాస్‌వర్డు కావాలి కదా! వాటన్నింటినీ ఈ సాధనం ఒక పెట్టెలో దాచిపెడుతుంది. మనం గుర్తుంచుకోవలసింది ఆ పెట్టెను తెరిచే ఒక్క పెద్ద పాస్‌వర్డు మాత్రమే.

వినడానికి తేలికగానే ఉంది. అయితే ఆ పెట్టె ఇనుముతో చేసింది కాదు, అంకెలతో చేసింది. దాని తాళంచెవి కూడా ఒక అంకే. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని ఎక్కడ దాస్తారు? అది పోతే ఏమవుతుంది? రండి, ఒక్కొక్కటే చూద్దాం.

గోడకెక్కిన రహస్యాలు

1961వ సంవత్సరం. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కొర్బాటో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక కొత్త ఏర్పాటు చేశారు. ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది ఒకేసారి వాడుకోవచ్చు. ఎవరి కాగితాలు వారివిగా ఉండాలి కనుక ప్రతి ఒక్కరికీ ఒక పాస్‌వర్డు ఇచ్చారు. ఆ పాస్‌వర్డులన్నీ యంత్రంలో ఒక పట్టికగా రాసి ఉండేవి.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఒక తమాషా జరిగింది. ఒక ఉద్యోగి అందరికీ కనిపించే స్వాగత సందేశాన్ని దిద్దుతున్నాడు. అదే సమయంలో మరొకరు పాస్‌వర్డుల పట్టికను దిద్దుతున్నారు. యంత్రంలో ఆ రెండూ తారుమారయ్యాయి. ఆ తరువాత కంప్యూటరు దగ్గర కూర్చున్న ప్రతివాడికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి!

తప్పు ఎవరిది? ఇద్దరూ తమ పని తాము చేశారు. అసలు లోపం మరొకచోట ఉంది. రహస్యాలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి పెట్టారు. పొరపాట్లు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. కనుక పట్టిక పరాయివాడి చేతిలో పడినా వాడికి అర్థం కాకుండా ఉండాలి. నేటి పాస్‌వర్డ్ మేనేజర్లకు ఇదే మొదటి పాఠం.

దాచవలసింది ఏది?

1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషా పండితుడు గూఢలిపి గురించి ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన చెప్పిన ఒక సూత్రం నేటికీ నిలిచి ఉంది. గూఢలిపి పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు. రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలి అన్నదే ఆ సూత్రం.

ఆలోచించి చూడండి. బజారులో ఒకే రకం తాళాలు వేలకొద్దీ అమ్ముతారు. అవి ఎలా పనిచేస్తాయో తాళాలు బాగుచేసేవాడికి బాగా తెలుసు. అయినా మనం భయపడం. ఎందుకంటే మన తాళంచెవి పళ్ళు వేరు.

పాస్‌వర్డ్ మేనేజర్లలో ఎక్కువగా వాడే గూఢలిపి పద్ధతి పేరు ఏ.ఇ.ఎస్. దీన్ని బెల్జియం శాస్త్రజ్ఞులు యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించారు. 2001లో అమెరికా ప్రభుత్వం దీన్ని ప్రమాణంగా స్వీకరించింది. ఈ పద్ధతిలో రహస్యం ఏమీ లేదు. ఎవరైనా చదువుకోవచ్చు. రహస్యమంతా తాళంచెవిలోనే ఉంది.

ఆ తాళంచెవి ఎలా ఉంటుందంటారా? ఒక నాణెం తీసుకోండి. ఎగరవేయండి. బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 రాయండి. ఇలా 8 సార్లు వేస్తే 256 రకాల వరుసలు రావచ్చు. 256 సార్లు వేస్తే? ఎన్ని రకాలు రావచ్చో రాయాలంటే 78 అంకెల సంఖ్య కావాలి. అందులో ఏదో ఒకటి మీ తాళంచెవి. కంప్యూటరు మీ బదులు నాణెం ఎగరవేస్తుంది. తన విద్యుత్ వలయాల్లో పుట్టే చిన్నచిన్న అలజడులను అందుకు వాడుకుంటుంది. ఇటువంటి తాళంచెవిని వరసగా ప్రయత్నించి పట్టుకోవడం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా సాధ్యం కాదు.

మరి చిక్కు ఎక్కడ? 256 సున్నాలు, ఒకట్లు ఎవరికి గుర్తుంటాయి? ఎవరికీ ఉండవు. మనిషికి గుర్తుండేది మాటలు. అక్కడే దొంగకు సందు దొరుకుతుంది.

మనుషుల మాటలు బలహీనం

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 3,289 పాస్‌వర్డులను పరీక్షించారు. వాటిలో 2,831, అంటే నూటికి 86, తేలికగా ఊహించగలిగినవే! కొన్నిటిలో రెండు మూడు అక్షరాలే ఉన్నాయి. కొన్ని నిఘంటువులో ఉన్న మాటలే. నేటికీ మనలో చాలామంది పుట్టిన రోజు, పెంపుడు కుక్క పేరు, అభిమాన నటుడి పేరు పెట్టుకుంటూనే ఉన్నాం.

కనుక పెద్ద పాస్‌వర్డును నేరుగా తాళంచెవిగా వాడకూడదు. దాన్ని రుబ్బాలి!

అవును, రుబ్బడమే. మినప్పప్పును రుబ్బురోట్లో వేసి రుబ్బితే పిండి వస్తుంది. ఆ పిండి నుంచి మళ్ళీ పప్పుగింజలు తీయగలరా? తీయలేరు. కంప్యూటరులో కూడా ఇటువంటి రుబ్బురోలు ఒకటి ఉంది. పాస్‌వర్డు వేస్తే 256 సున్నాలు, ఒకట్లుగా నలిగి బయటికి వస్తుంది. ఒకే పాస్‌వర్డు వేస్తే ప్రతిసారీ అదే పిండి వస్తుంది. పిండిని చూసి పాస్‌వర్డు మాత్రం చెప్పలేం.

అయితే దొంగ ఊరుకోడు. తోచిన మాటలన్నీ తన రోట్లో వేసి రుబ్బి, ఏ పిండితో పెట్టె తెరుచుకుంటుందో చూస్తాడు. వాడిని ఎలా ఆపడం?

నిదానమే కాపలా

మూడు అంకెల నంబరు తాళం ఉన్న సూట్‌కేసు తీసుకోండి. 000 నుంచి 999 దాకా వెయ్యి అంకెలు. ఒక్కొక్క ప్రయత్నానికి 2 సెకన్లు పడితే మొత్తం 2,000 సెకన్లు. అంటే 33 నిమిషాలలో సూట్‌కేసు తెరుచుకుంటుంది. ఇప్పుడు ప్రతి ప్రయత్నానికీ 10 నిమిషాలు పట్టే తాళం ఉందనుకోండి. అంకె తెలిసిన మీకు 10 నిమిషాలే ఆలస్యం. అంకె తెలియని దొంగకు 10,000 నిమిషాలు, అంటే దాదాపు 7 రోజులు!

పాస్‌వర్డ్ మేనేజరు చేసేది కూడా ఇదే. ఒక్కసారి రుబ్బి ఊరుకోదు. పిండిని మళ్ళీ రుబ్బుతుంది, మళ్ళీ రుబ్బుతుంది. 2000లో ప్రమాణంగా వచ్చిన పి.బి.కె.డి.ఎఫ్.2 అనే పద్ధతిలో 6 లక్షల సార్లు రుబ్బాలని 2023లో నిపుణులు సూచించారు. మీ కంప్యూటరుకు దీనికి సెకను కూడా పట్టకపోవచ్చు. దొంగకు మాత్రం ప్రతి ఊహకూ 6 లక్షల రెట్లు పని. 2015లో ఒక పోటీలో గెలిచిన ఆర్గాన్2 అనే పద్ధతి మరో అడుగు ముందుకు వేసింది. అది రుబ్బడానికి కాలమే కాక పెద్ద రోలు కూడా కావాలంటుంది. అంటే కంప్యూటరులో ఎక్కువ మెమరీ కావాలి. వేల రోళ్ళు పక్కపక్కన పెట్టి రుబ్బుదామనుకునే దొంగకు ఇది పెద్ద ఖర్చు.

రుబ్బేటప్పుడు చిటికెడు ఉప్పు కూడా వేస్తారు. నవ్వకండి, శాస్త్రజ్ఞులు నిజంగానే దాన్ని ఉప్పు అంటారు! ఒక్కొక్కరి పెట్టెకు యాదృచ్ఛికంగా ఎంచిన ఒక అంకె అది. మీరు, మీ స్నేహితుడు ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నా ఉప్పు వేరు కనుక పిండి వేరవుతుంది. దొంగ ముందుగానే లక్షల మాటలు రుబ్బి పెట్టుకున్న పిండి ఎవరి పెట్టెకూ పనికిరాదు. ఉప్పును దాచనక్కరలేదు. అది ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటే చాలు.

పెట్టెలో పెట్టె

ఇప్పుడు అసలు నేర్పు చూడండి. రుబ్బగా వచ్చిన తాళంచెవితో మీ పాస్‌వర్డులను నేరుగా పెట్టెలో పెట్టరు. నాణెం ఎగరవేసినట్టు తయారుచేసిన మరొక తాళంచెవి ఉంటుంది. దాన్ని పెట్టె చెవి అందాం. రుబ్బగా వచ్చినదాన్ని రుబ్బిన చెవి అందాం. పెట్టెకు తాళం వేసేది పెట్టె చెవి. ఆ పెట్టె చెవిని చిన్న భరిణెలో ఉంచి, భరిణెకు రుబ్బిన చెవితో తాళం వేస్తారు.

ఎందుకీ రెండు చెవులు? మీరు పెద్ద పాస్‌వర్డు మార్చాలనుకున్నారనుకోండి. పెట్టెలోని వందలాది వస్తువులను బయటికి తీసి మళ్ళీ సర్దనక్కరలేదు. పెట్టె చెవి అదే. భరిణెకు మాత్రం కొత్త తాళం వేస్తే చాలు. ఫోనులో వేలిముద్రతో పెట్టె తెరుచుకోవాలంటే, అదే పెట్టె చెవిని ఉంచిన మరొక భరిణె చేస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జాగ్రత్తగా వినండి. దొంగ మీ పాత భరిణెకు, పెట్టెకు నకలు తీసుకుపోయాడనుకోండి. ఆ తరువాత మీరు పాస్‌వర్డు మార్చారు. లాభం ఉందా? లేదు! వాడి దగ్గరున్న నకలు పాత పాస్‌వర్డుతోనే తెరుచుకుంటుంది. అటువంటప్పుడు పెట్టె చెవినే కొత్తగా చేయాలి. అంతకన్నా ముఖ్యంగా, పెట్టెలో ఉన్న బ్యాంకు, ఉత్తరాల పాస్‌వర్డులను ఒక్కొక్కటిగా మార్చాలి. ఇనుపపెట్టె దొంగతనమైతే అది లేని సంగతి మనకు కనిపిస్తుంది. అంకెల పెట్టె దొంగతనమైతే మన పెట్టె మన దగ్గరే ఉంటుంది. తేడా అదే.

ఇది ఊహ కాదు. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజరు సంస్థ నుంచి ఖాతాదారుల పెట్టెల నకళ్ళు దొంగల చేతికి పోయాయి. లోపలి పాస్‌వర్డులకు తాళం ఉంది. కాని ఏయే చోట్లకు సంబంధించినవో తెలిపే చిరునామాలకు తాళం లేదు. కొందరు పాత ఖాతాదారుల పెట్టెలు తక్కువసార్లు రుబ్బిన చెవులతోనే ఉన్నాయి. పెట్టె ఎవరిదైనా, నకలు దొంగ చేతిలో పడ్డాక మిగిలిన కాపలా రెండే: పెద్ద పాస్‌వర్డు బలం, రుబ్బిన లెక్క.

కొన్ని సంస్థలు మరొక కాపలా కూడా పెడతాయి. బ్యాంకు లాకరు తెరవాలంటే బ్యాంకువారి చెవి, మన చెవి రెండూ కావాలి కదా! వన్‌పాస్‌వర్డ్ అనే మేనేజరు ఇలాంటి పద్ధతే పాటిస్తుంది. మీ పాస్‌వర్డుతోపాటు మీ పరికరంలో తయారైన 128 నాణేల రహస్యం కూడా కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. రెండూ మీ దగ్గరే ఉంటాయి. సంస్థ దగ్గర రెండూ ఉండవు.

పెట్టె తెరిచి ఉన్నంతసేపు దాని చెవి కంప్యూటరు మెమరీలో ఉంటుంది. లేకపోతే లోపలివి చదవడం ఎలా? అందుకే మంచి మేనేజరు కొద్దిసేపు ఎవరూ తాకకపోతే తనంతట తానే తాళం వేసుకుంటుంది. మీరు కూడా లేచి వెళ్ళేటప్పుడు తాళం వేయడం అలవాటు చేసుకోవాలి.

తాళంచెవి పోతే?

ఇంటి తాళంచెవి పోతే తాళాలు బాగుచేసేవాణ్ణి పిలుస్తాం. పాస్‌వర్డ్ మేనేజరు పెట్టెకు అటువంటివాడు లేడు. తయారుచేసిన సంస్థను అడిగినా లాభం లేదు. వారి దగ్గర చెవి లేదు. ఉంటే వారి ఉద్యోగిలో ఒక దొంగ చాలు కదా! ఎవరూ తెరవలేని పెట్టె కావాలని కోరుకున్నాం. ఎవరూ సాయం చేయలేని పెట్టె వచ్చింది. రెండూ ఒకే నాణేనికి బొమ్మ, బొరుసు.

ఒక ఇంటి సంగతి ఊహించండి. బ్యాంకు, పింఛను, ఇన్సూరెన్సు, పెళ్ళి ఫొటోలు - అన్నీ తాతయ్య పెట్టెలో ఉన్నాయి. పెద్ద పాస్‌వర్డు ఆయన తలలో మాత్రమే ఉంది. ఒకరోజు ఆయన జబ్బుపడి మాట పడిపోయింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు ఏం చేయాలి? దొంగను ఆపే తాళం అమ్మమ్మను కూడా ఆపుతుంది. తాళానికి ఆమె ఎవరో తెలియదు.

దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి తేలిక మార్గం. పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులు దాచే చోట దాచడం. దూరదేశంలో కూర్చున్న కంప్యూటరు దొంగ మీ బీరువాలోని కాగితాన్ని చదవలేడు.

రెండో మార్గం గణితం. 1979లో ఆదీ షమీర్ అనే ఇజ్రాయెల్ గణిత శాస్త్రజ్ఞుడు దీన్ని కనిపెట్టాడు. గ్రాఫు కాగితం తీసుకోండి. రహస్యం 7 అనుకుందాం. నిలువు గీత మీద 7 దగ్గర చుక్క పెట్టి, అక్కడి నుంచి ఒక సరళరేఖ గీయండి. అడ్డంగా ఒక గడి జరిగితే నిలువుగా 3 పెరగాలి. అప్పుడు 1 దగ్గర 10, 2 దగ్గర 13, 3 దగ్గర 16 వస్తాయి. మొదటి చుక్క అక్కయ్యకు, రెండోది బాబాయికి, మూడోది అత్తయ్యకు ఇవ్వండి. ఒక్క చుక్క గుండా ఎన్ని రేఖలైనా గీయవచ్చు. కనుక ఒక్కరికి రహస్యం తెలియదు. రెండు చుక్కల గుండా ఒక్కటే రేఖ వస్తుంది. ఏ ఇద్దరు కలిసినా అది నిలువు గీతను 7 దగ్గర తాకుతుంది! ఒకరు చుక్క పోగొట్టుకున్నా ఫరవాలేదు. ఒకరు దురాశపడినా ప్రమాదం లేదు. నిజంగా వాడేటప్పుడు మామూలు లెక్కలకు బదులు భాగహారంలో మిగిలే శేషాలతో లెక్క చేస్తారు. అప్పుడు ఒక్క చుక్క నుంచి ఏ చిన్న ఆచూకీ కూడా దొరకదు.

మీరే చేసి చూడండి

బలమైన పెద్ద పాస్‌వర్డు తయారుచేయడానికి పాచికలు చాలు. ఒక పాచికను 5 సార్లు వేస్తే 7,776 రకాల వరుసలు వస్తాయి. అన్ని మాటలున్న అచ్చు పట్టిక నుంచి వరుసకు ఒక మాట చొప్పున తీసుకోవాలి. ఈ పద్ధతిని 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. మాటలు మీకు నచ్చినవి కాకుండా పాచిక చెప్పినవే కావాలి. ఎందుకంటే మీకు ఏవి నచ్చుతాయో దొంగ ఊహించగలడు. పాచికను ఎవడూ ఊహించలేడు.

ఒక లెక్క వేద్దాం. దొంగ కంప్యూటరు సెకనుకు 100 కోట్ల సార్లు రుబ్బగలదు అనుకుందాం. ఆరు చిన్న ఇంగ్లీషు అక్షరాల పాస్‌వర్డులు దాదాపు 31 కోట్లు. ఒక్కసారే రుబ్బితే అన్నీ సెకనులో మూడో వంతులో అయిపోతాయి. 6 లక్షల సార్లు రుబ్బితే సుమారు రెండు రోజులు పడుతుంది. చూశారా, బలహీనమైన పాస్‌వర్డును ఎంత రుబ్బినా రెండు రోజులే! అదే పాచికలతో తీసిన ఆరు మాటలైతే? 4 లక్షల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. ఈ విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు మాత్రమే.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి. పాస్‌వర్డు ఏమిటని మాత్రం అడగవద్దు! "మీరు మరచిపోతే మనం ఏం చేయాలి?" అని అడగండి. జవాబు లేకపోతే కాగితం, కవరు మీరే తెచ్చి ఇవ్వండి. వాళ్ళు రాస్తున్నంతసేపు అటు తిరిగి కూర్చోండి.